పెళ్లిపందిరి: ఇసుకలో ముహూర్తం

మాఘమాసం దగ్గరపడుతున్నట్టుంది, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీచ్ పెళ్లి గురించే. మాది భీమిలి. తాత కాలం నుంచీ పందిళ్లు వేసే ఇల్లు. సర్వి బాదులు, తాటాకుల రోజుల నుంచి ఇప్పటి ఇనప ట్రస్సుల దాకా అన్నీ మా చేతుల మీదుగా వెళ్లినవే. అందుకని శాస్త్రం సంగతి పురోహితుల వారికి వదిలేసి, ఇసుక, గాలి, నీళ్లు, జనం గురించి నాకు తెలిసింది చెబుతాను.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. విశాఖ-భీమిలి రోడ్డులో ఎక్కడైనా ఇసుకలోనే మండపం వేయించి పెళ్లి చేయమని పట్టుబట్టింది. ముహూర్తం మాఘమాసంలో రాత్రి ఎనిమిది దాటాక కుదిరింది. వియ్యాలవారిది తెనాలి. ‘ఇసుకలో పెళ్లేమిటి, అది చెల్లుతుందా?’ అని వాళ్ల తాతగారు అంటున్నారట. అటూ ఇటూ కలిపి రెండు వందల యాభై మంది వస్తారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు తాతగారి సందేహం తీర్చేద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ పెళ్లి ఏ చోట జరగాలో చెప్పదు. ఇరువైపుల వారిలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం జరిగితే చాలు. సప్తపది ఉన్న ఆచారమైతే ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టే. ఆ అడుగు గచ్చు మీద పడిందా, ఇసుకలో పడిందా అని ఎవరూ అడగరు. అయితే ఈ మాట మీరు చెప్పకండి, పురోహితుడి చేత చెప్పించండి. మగపెళ్లివారి పెద్దాయనకి చట్టం చదివి వినిపించి నెగ్గుకొచ్చిన ఆడపెళ్లివారిని నేనైతే చూడలేదు. శుభలేఖలో మాత్రం ‘బీచ్ వెడ్డింగ్’ అని ఊరుకోకుండా వేదిక పేరు, ఊరి పేరు, మండలం స్పష్టంగా అచ్చు వేయించండి. రేపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించేటప్పుడు ఆ కార్డు పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. మీరు పంచాంగం చూపించి ముహూర్తం పెట్టించారు. బాగుంది. సముద్రం పంచాంగం చూశారా? పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది. నిన్న వచ్చిన వేళకే ఇవాళా రాదు, సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ లెక్కన ఈ వారం రాత్రి ఎనిమిదికి పోటు ఉంటే, వచ్చే వారం అదే ఎనిమిదికి ఆటు ఉంటుంది. అంటే మీరు పగటిపూట వెళ్లి ‘అబ్బ, ఎంత విశాలంగా ఉంది ఒడ్డు’ అని చూసి వచ్చిన చోటు, ముహూర్తం వేళకి సగం కూడా మిగలకపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర మరీను. విశాఖ తీరంలో ఆ రోజుల్లో ఆటుకీ పోటుకీ నీటిమట్టంలో తేడా మీటరున్నర దాకా ఉంటుంది. ఎత్తులో మీటరున్నర అంటే తక్కువే అనిపిస్తుంది కానీ, వాలు తక్కువగా ఉన్న ఒడ్డున నీళ్లు చాలా అడుగులు లోపలికి వచ్చేస్తాయి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు! పోటు వేళలు, పెద్ద అలల హెచ్చరికలు వాళ్లే ఇస్తారు. మీ అమ్మాయి అక్కడే ఉంది కదా, వాళ్ల వెబ్‌సైట్‌లో పెళ్లిరోజు పోటు వేళ చూడమనండి. చూసి నాకు కాదు, ముందు పురోహితుడికి చెప్పమనండి. అదే వారంలో ఇంకో ముహూర్తం ఉంటే ఆయనే చెబుతారు.

చోటు చూడ్డానికి వెళ్లినప్పుడు తల దించి నడవండి. ఎండిన నాచు, సర్వి పుల్లలు, గవ్వ ముక్కలు, చెప్పు తెగిన ముక్క ఒకటి, ఇవన్నీ ఒడ్డు పొడవునా ఒక గీతలా పడి ఉంటాయి. మొన్నటి పోటు అక్కడిదాకా వచ్చి వెళ్లిందన్నమాట. అలాంటి గీతలు రెండు మూడు ఉంటే అన్నిటికంటే పైనున్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. గీతకు దిగువన ఇసుక గట్టిగా, నడవడానికి హాయిగా ఉంటుంది. అందరికీ అక్కడే మండపం వేయాలనిపిస్తుంది. వేయకూడని చోటూ అదే.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. పీటల మీద వధూవరులు తూర్పుముఖంగా కూర్చుంటారు. మన సముద్రం తూర్పున ఉంది. అంటే వాళ్లు సముద్రం వైపు తిరిగి కూర్చుంటే, వాళ్లని చూసే చుట్టాలు వాళ్లకి ఎదురుగా, అంటే మండపానికీ నీళ్లకీ మధ్య కూర్చోవాలి. రెండు వందల యాభై మందిని పాతికేసి చొప్పున వేస్తే పది వరసలు, వరసకి మూడడుగులు వేసుకున్నా ముప్పై అడుగులు. అందుకని పోటు గీత నుంచి దూరం కొలవాల్సింది మండపానికి కాదు, కుర్చీల చివరి వరసకి. ఆ వరసలో కూర్చునేది ఎవరో తెలుసా? ఆలస్యంగా వచ్చిన మగపెళ్లివారు.

పందిరి గురించి. నేలలో కొట్టినట్టు ఇసుకలో మేకు కొడితే సాయంత్రం గాలికి ఊడి వస్తుంది. గోనె బస్తాలో ఇసుక నింపి, మధ్యలో తాడు కట్టి, బస్తాని అడ్డంగా మూడడుగుల లోతున పాతిపెట్టి పైనుంచి తొక్కించాలి. పందిరి రాటలన్నిటికీ ఆ తాళ్లే ఆధారం. మీ షామియానా వాళ్లని ‘ఇసుకలో లంగరు ఎలా వేస్తారు?’ అని అడగండి. ‘అదంతా మేం చూసుకుంటామండీ’ అంటే ఇంకొకరిని చూసుకోండి. మూడు పక్కలా పరదాలు కట్టించకండి, గాలి ఒకవైపు నుంచి దూరి రెండోవైపు పోయే దారి ఉండాలి. మండపం కింద ప్లైవుడ్ పరిపించండి, లేకపోతే సన్నికల్లు తొక్కించే వేళకి రాయి కాస్తా ఇసుకలోకి దిగిపోతుంది. మట్టెలు చేజారితే మరి దొరకవు. ముత్యాల తలంబ్రాలైతే చెప్పనే అక్కర్లేదు. కుర్చీల కిందకీ, రోడ్డు నుంచి మండపం దాకా నడిచే దారికీ ఆ పలకలే వేయించండి, ముసలివాళ్లు అడుగు తీసి అడుగు వేయగలుగుతారు.

హోమగుండం ఇసుకలో తవ్వించకుండా ఇటుకలతో కట్టించి, గాలి వచ్చే వైపు రేకు అడ్డు పెట్టించండి. పందిట్లో గుడ్డ అలంకరణ గుండానికి పైన లేకుండా చూడండి. హారతి కర్పూరం ఒడ్డుగాలికి నిలవదు, చిమ్నీ ఉన్న దీపం ఒకటి పక్కన వెలుగుతూ ఉంటే ఆ మంటతో మళ్లీ మళ్లీ వెలిగించుకోవచ్చు. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర తెరచాపలా ఊగిపోతుంది, పట్టుకునే ఇద్దరూ కాస్త బలమైన కుర్రాళ్లయి ఉండాలి.

ఇంకొక్క మాట. రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్ స్పీకరే కాదు, వాయిద్యం కూడా శబ్ద కాలుష్య నిబంధనల కిందికి వస్తుంది. 2000 సంవత్సరం నాటి రూల్స్ అవి. మీ ముహూర్తం ఎనిమిది దాటాక అన్నారు, తలంబ్రాలయ్యేసరికే పది కావచ్చు. స్టేషన్‌లో పర్మిషన్ అడిగేటప్పుడు ఈ వేళ దాచకుండా రాయండి. గట్టిమేళం వేళకి ఎవరైనా వచ్చి ఆపించడం కంటే అది నయం.

ఇంత చదివాక మీకు ఏమనిపిస్తుందో తెలియదు. మీ స్థానంలో నేనుంటే, ఒడ్డును ఆనుకుని లాన్ ఉన్న చోటు తీసుకుని, పీటలూ భోజనాలూ గట్టినేల మీద పెట్టిస్తాను. ఇసుకలో స్నాతకం, ఎదురుకోలు, మర్నాడు పొద్దున్న ఫొటోలు పెట్టుకుంటాను. మీ అమ్మాయికి అలల చప్పుడు వినబడుతుంది, తెనాలి తాతగారికి కుర్చీ కదలదు. లాన్ తీసుకుంటున్నారు కదా అని రిసార్టు వాళ్లు ‘మా బీచ్’ అంటే నమ్మేయకండి. పోటు గీతకు దిగువనున్న ఇసుక ఏ రిసార్టుదీ కాదు. తీరంలో ఏది కట్టాలన్నా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలున్నాయి, తాత్కాలిక పందిరికైనా స్థానిక అధికారులు, పోలీసుల అనుమతి కాగితం మీద ఉండాలి. ఆ కాగితం వాళ్ల దగ్గర ఉందంటే చాలదు, జెరాక్సు మీ చేతిలో ఉండాలి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, పెళ్లి విశాఖలో. సూర్యుడు సముద్రంలో మునుగుతుండగా మంగళసూత్రం కట్టే ఫొటో కావాలి. పైనుంచి డ్రోన్ షాట్ కూడా. చివర్లో అందరం ఆకాశదీపాలు వదలాలని ప్లాన్. ఎన్ని గంటలకి మొదలుపెట్టాలి?
– ఒక పెళ్లికొడుకు

జవాబు: బాబూ, గోవాలో అయితే నాలుగింటికి మొదలుపెట్టమనేవాణ్ని. మన ఒడ్డున సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. మీరు విశాఖలో సాయంత్రం సముద్రం వైపు ఎంతసేపు చూసినా చీకటే పడుతుంది.

పై ఉత్తరానికి రాసిన జవాబు చదివే ఉంటారు. పీటల మీద మీరు తూర్పుముఖంగా కూర్చుంటే ఫొటోగ్రాఫర్ మీకు ఎదురుగా నిలబడి పడమరకి తీస్తాడు. సముద్రం అతని వీపు వెనక ఉంటుంది. మీ ఫొటోలో మీ వెనకాల వచ్చేది బీచ్ రోడ్డు, వీధి దీపాలు, మొక్కజొన్న పొత్తుల బండి. సముద్రం ఫొటోలోకి రావాలంటే జీలకర్ర బెల్లం, తలంబ్రాల వేళలు వాడుకోండి. అప్పుడు మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి ఫొటోగ్రాఫర్ పక్కనుంచి, ఒడ్డు వెంబడి తీయగలడు. ఒకవైపు అలలు పడతాయి. మీ పురోహితుడితోనూ ఫొటోగ్రాఫర్‌తోనూ ఒకేసారి మాట్లాడండి. విడివిడిగా మాట్లాడితే ఇద్దరూ సరేనంటారు, పెళ్లిలో ఇద్దరూ కొట్టుకుంటారు.

నిజంగా వెలుగే కావాలంటే తెల్లవారుజాము ముహూర్తం అడగండి. మనకి అవి కొత్తేమీ కాదు. ఫిబ్రవరిలో విశాఖలో ఆరున్నర లోపే తెల్లవారుతుంది. ఎండ నేరుగా మీ మొహాల మీద పడుతుంది, గాలి పెద్దగా ఉండదు, బీచ్‌లో వాకింగ్ వాళ్లు తప్ప జనం ఉండరు. ఆ వాకింగ్ వాళ్లలో సగం మంది అక్షింతలు వేసి, కాఫీ తాగే వెళతారు, ఓ యాభై కప్పులు ఎక్కువ చెప్పి ఉంచండి.

డ్రోన్ సంగతి: విశాఖలో తూర్పు నౌకాదళ స్థావరం ఉంది. ఎక్కడపడితే అక్కడ ఎగరేస్తే కెమెరాతో పాటు కుర్రాడు కూడా స్టేషన్‌కి వెళ్తాడు. ఏ ప్రాంతంలో ఎగరేయొచ్చో డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవడం, అనుమతి తేవడం ఫొటోగ్రాఫర్ బాధ్యత అని ఒప్పందంలో రాయించండి. ఆకాశదీపాలు మాత్రం వద్దు. గాలి ఎటు తిరిగితే అటు పోతాయి, ఒడ్డున తాటాకు పాకలున్నాయి, వలలున్నాయి, పడవలున్నాయి. మీరు ఫ్లైటెక్కి వెళ్లిపోతారు.

ప్రశ్న: మా మేనకోడల్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. పెళ్లి బాపట్ల దగ్గర సూర్యలంక వైపు, ఇసుకలో. నాకు యాభై ఆరేళ్లు, తమ్ముడికి నడుం నొప్పి. పరువు పోకుండా ఉపాయం చెప్పండి.
– ఒక మేనమామ, చీరాల

జవాబు: బావగారూ, పొడి ఇసుకలో ఉత్త చేతులతో నడిచినా మడమ దిగబడుతుంది. గంప, అందులో అమ్మాయి, ఆమె మీద పట్టుచీర, నగలు, కొబ్బరిబొండం! ఇద్దరు మేనమామలు మొయ్యాలని ఎవరు చెప్పారు? నలుగురు పట్టండి. మీరిద్దరూ ముందు చెయ్యి వేయండి, బరువు వెనకనున్న కుర్రాళ్ల మీద పెట్టండి. ఫొటోలో ముందున్న వాళ్లే పడతారు. మోసే దారి పొడవునా పలకలు వేయించండి, లేదా ముందురోజు రాత్రి నీళ్లు కొట్టించి తొక్కించండి, తడి ఇసుక కాలు పట్టనిస్తుంది. చెప్పులు వద్దు. గంప కింద మధ్యలో ఒక వెదురు కట్టించారంటే అడుగు ఊడుతుందన్న భయం ఉండదు. ముందురోజు ఒకసారి రిహార్సల్ చేయండి, అమ్మాయికి బదులు బియ్యం బస్తా పెట్టి.

ప్రశ్న: పట్టుచీర, వెండి సామాను ఉప్పుగాలికి పాడవుతాయా? మేకప్ నిలుస్తుందా?
– పెళ్లికూతురు, కాకినాడ

జవాబు: ఒక్క పూటకి చీరకేమీ కాదు. కానీ మడత పెట్టి అలాగే బీరువాలో పడేస్తే జరీ నల్లబడుతుంది. ఇంటికి రాగానే నీడలో ఆరబెట్టి, ఇసుక దులిపి, పలచటి నూలు గుడ్డలో చుట్టండి. వెండి సామాను మంచినీళ్లతో కడిగి తుడిచి పెట్టండి. మేకప్ గురించి నన్నడిగితే ఎలాగమ్మా! ఉక్కకి ఏదీ నిలవదు, పెళ్లిబొట్టు, కల్యాణ తిలకం తప్ప.

ప్రశ్న: ఇది సందేహం కాదు, ఫిర్యాదు. మా ఊరి ఒడ్డున పెళ్లిళ్లు ఎక్కువయ్యాయి. పొద్దున వెళితే థర్మాకోల్ అక్షరాలు, ప్లాస్టిక్ పూలు, మెరుపు కాగితాలు, సీసా పెంకులు. అవి వలల్లో చిక్కుతున్నాయి, కాళ్లు తెగుతున్నాయి. పడవలు పెట్టుకునే చోట పందిరి వేసి మమ్మల్నే పక్కకి జరపమంటున్నారు. రాయండి దీని గురించి.
– ఒక మత్స్యకారుడు, భీమిలి దగ్గర

జవాబు: అన్నా, రాస్తున్నాను. పెళ్లివారూ, మీరు చూసే ఖాళీ ఇసుక ఖాళీది కాదు. పడవ దిగే చోటు, వల ఆరబెట్టే చోటు, చేపలు ఎండబెట్టే చోటు అని ప్రతి పేటకీ లెక్క ఉంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. అంటే వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాల నాటికి పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, రిపేర్లు, రంగులు అప్పుడే. ఆ రోజుల్లో ‘పడవలు తీయించండి’ అని ఈవెంట్ కుర్రాళ్లు అరిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. చోటు ఖాయం చేసుకునే ముందే పేట పెద్దల దగ్గరికి వెళ్లండి. ఇంటి పెద్ద స్వయంగా వెళ్లాలి, మేనేజర్ని పంపడం కాదు. శుభలేఖ ఇచ్చి, గంగమ్మ గుడికి తాంబూలం ఇచ్చి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. వాళ్లలోంచే నలుగురు గజ ఈతగాళ్లని కూలి ఇచ్చి పెట్టుకోండి. భోజనాలయ్యాక నీళ్లలోకి దిగే పెళ్లికొడుకు ఫ్రెండ్స్‌ని ఆపడానికి వాళ్లను మించిన వాళ్లు లేరు. మన తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలుంటాయి, పైకి చూస్తే నీళ్లు నిమ్మళంగానే కనిపిస్తాయి.

అలంకరణకి మామిడాకు, కొబ్బరాకు, బంతిపూలు చాలవా? థర్మాకోల్ అక్షరాలు కట్టించుకున్నవాళ్ల పేర్లు మర్నాడు అలల్లో ఒక్కో అక్షరంగా తేలుతుంటే చూడ్డానికి నాకే బాధేస్తుంది. మెరుపు కాగితాల తుపాకీలు అసలొద్దు. ఊడ్చే మనుషుల కూలి కూడా పందిరి లెక్కలోనే కలిపి రాయించండి.

మాఘ, ఫాల్గుణాల్లో పెట్టుకునే వాళ్లకి మరో మాట. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకి వచ్చి రాత్రిళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్లు చీల్చుకుని బయటికి వచ్చాక వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు నడుస్తాయి. మామూలుగా అయితే అది సముద్రం వైపు. మీ ఫోకస్ లైట్లుంటే మీ మండపం వైపు. వన్యప్రాణి రక్షణ చట్టంలో పులికి ఉన్నంత రక్షణ వీటికీ ఉంది. అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి కంచె వేసిన చోట్లకి దగ్గర్లో పందిరి వేయొద్దు. లైట్లు కిందికి దించి, సముద్రం వైపు మరుగు కట్టించండి. పసుపు రంగు బల్బులు తక్కువ వెలుతురుతో వాడితే పెళ్లికళ కూడా బాగుంటుంది, నా మాట నమ్మండి.

ప్రశ్న: మాకు కార్తీకమాసంలో తప్ప కుదరదు. బీచ్ రిసార్టుకి అడ్వాన్స్ ఇవ్వబోతున్నాం. వాన వస్తే ఏం చేయాలి?
– అన్నదమ్ములు, అనకాపల్లి

జవాబు: వాన సంగతి తర్వాత, అది తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడినప్పుడు చూసినవాళ్లెవరూ ఆ నెలల్లో ఒడ్డున పందిరి వేయమంటే తేలిగ్గా తలూపరు. అయినా తప్పదంటున్నారు కాబట్టి, రిసార్టులో లాన్‌తో పాటు లోపలి హాలు కూడా మీ పేరునే ఉండేలా చూసుకోండి. అదే రోజు హాలు వేరేవాళ్లకి ఇచ్చేస్తే మీకు గొడుగులే గతి. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే ఎప్పటిలోగా లోపలికి మార్చాలో, ఆ మాట చెప్పేది ఎవరో ముందే ఒకరిని అనుకోండి. పదిమంది కలిసి నిర్ణయం తీసుకునేలోగా పందిరి తడిసిపోతుంది. నేనైతే ముందురోజు మధ్యాహ్నం రెండింటికి గడువు పెడతాను, పందిరివాళ్లకీ పూలవాళ్లకీ మార్చుకునే టైమ్ ఉంటుంది. జనరేటర్ గట్టినేల మీద, కప్పు కింద ఉండాలి. తడి ఇసుక మీద వైర్లు పరిచే వాళ్లని పనిలో పెట్టుకోకండి, ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉందో లేదో చూసి మరీ కనెక్షన్ ఇప్పించండి. తుపాను వల్ల తేదీ మారితే అడ్వాన్స్ వెనక్కిస్తారా, మరో తేదీకి జమ చేస్తారా అన్నది డబ్బు చేతిలో పెట్టే రోజే రసీదు మీద రాయించుకోండి.